కెప్టెన్ కోసం వెళ్ళిన కారు

ఆ శనివారం పొద్దున డెస్ క్రాంజ్ చేయవలసిన పని ఒక్కటే. కారు వేసుకుని సముద్రపు ఒడ్డున ఉన్న వృద్ధాశ్రమానికి వెళ్ళాలి, అక్కడున్న అలెక్ డ్రమండ్‌ను ఎక్కించుకోవాలి, మ్యాచ్ మొదలయ్యేలోపు నరంబీల్ మైదానానికి తీసుకురావాలి. ఇందులో తప్పు జరగడానికి సందెక్కడుందని నోలీన్ కూడా అనుకుంది. నోలీన్ పెచ్ క్లబ్బు క్యాంటీన్‌లో పెత్తనం చేస్తూ జుట్టు నెరిసిన మనిషి. ఎవరు ఎక్కడ తప్పు చేస్తారో ముందే పసిగడుతుందని ఊళ్ళో ఆమెకు పేరు.

అది నరంబీల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆఖరి మ్యాచ్. అక్కడ ఆడేది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, జట్టుకు పద్దెనిమిది మంది, ఒక్కో గోలుకు ఆరు పాయింట్లు. ఆడే కుర్రాళ్ళు చాలడం లేదు. వచ్చే ఏటి నుంచి పక్క ఊరైన హాక్స్‌లీ క్లబ్బులో కలిసిపోవాలని చేతులెత్తి తీర్మానించుకున్నారు. హాక్స్‌లీ అంటే వీళ్ళు పుట్టినప్పటి నుంచీ తిట్టుకుంటూ పెరిగిన ఊరు. ఆ ఊరితో పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఆ ఊరి చావులకు వెళ్ళారు, గోధుమ కోతలప్పుడు యంత్రాలు అరువు తెచ్చుకున్నారు. వాళ్ళ రంగు చొక్కా మాత్రం ఒంటికి తగలనివ్వలేదు. ఇక తప్పదు. ఈ ఆఖరి మ్యాచ్ కూడా వాళ్ళతోనే.

అందుకే ఆఖరి రోజున క్లబ్బును నడిపిన గొప్ప కెప్టెన్లను తలుచుకోవాలని నోలీన్ పట్టుబట్టింది. గొప్పవాళ్ళని అందరూ ఒప్పుకున్నది నలుగురిని. ముగ్గురు మైదానం వెనక శ్మశానంలోనే ఉన్నారు కనుక వాళ్ళను పిలిచే శ్రమ లేదు. నాలుగోవాడు అలెక్ డ్రమండ్. రేవులో పని దొరికిందని నలభై ఏళ్ళ కిందట వెళ్ళినవాడు మళ్ళీ ఊరి మొహం చూడలేదు. ఆయన బతికే ఉన్నాడన్న సంగతి కూడా ఈ మధ్య ఆయన కూతురు ఫోన్‌లో చెబితేనే తెలిసింది.

"కొంచెం మతిమరుపట. దారిలో ఎక్కువ మాట్లాడి కంగారు పెట్టకు," అంది నోలీన్, కారు కిటికీలోంచి ఫ్లాస్కు అందిస్తూ.

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడాను?" అన్నాడు డెస్.

అది నిజమే. భార్య పోయాక డెస్ మాటలు బాగా తగ్గించేశాడు. ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు. క్లబ్బులో మాట్లాడితే స్కోరు గురించే. ఆ ఏడాది నరంబీల్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు కాబట్టి ఆ మాటలూ అయిపోయాయి.

వృద్ధాశ్రమం వరండాలో అలెక్ డ్రమండ్ ఆ పొద్దుటి నుంచే తయారై కూర్చున్నాడు. పక్కన ఎర్న్ టిప్పెట్ ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే గది. ఎర్న్ ఒకప్పుడు పట్నంలో బ్యాంకు గుమాస్తా. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉండటం వల్ల బంతిని కాలితో తాకిన పాపాన పోలేదు. అలెక్ టై ముడి వేయడం మరిచిపోయి చాలా కాలమైంది. అందుకని ఎర్న్ ఆ ముదురెరుపు, తెలుపు చారల క్లబ్బు టైని ముందు తన మెడకు వేసుకుని, ముడి బిగించి, తర్వాత వదులు చేసి అలెక్ తలమీంచి తొడుగుతుంటాడు. ఆ రోజూ అదే చేస్తున్నాడు. ముడి పూర్తయ్యేసరికి అలెక్‌కు టోపీ గుర్తొచ్చింది. దాన్ని వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడు డెస్ వచ్చాడు. ఆఫీసు దగ్గర కొత్త నర్సు, "కెప్టెన్ గారా? వరండాలో తయారుగా ఉన్నారు," అంది. వరండాలో ఉన్నది ఒక్కడే ముసలాయన. ఆయన మెడలో క్లబ్బు టై. డెస్ తల మీద టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"కెప్టెన్, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాను," అన్నాడు.

ఎర్న్ ఏదో అనబోయాడు. డెస్ అప్పటికే మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపి, కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎర్న్ ఒకసారి వెనక్కి చూశాడు, ఒకసారి తలుపు వైపు చూశాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు.

ఎప్పుడూ మాట్లాడని డెస్ ఆ రోజు దారంతా మాట్లాడాడు. రోడ్డుకు రెండు వైపులా పసుప్పచ్చగా విరగబూసిన ఆవ చేలు వెనక్కి పోతున్నాయి. తన చిన్నప్పుడు, నాన్న పోయిన శీతాకాలంలో, గోలు కంబం వెనక ఒంటరిగా నిలబడి మ్యాచ్ చూశానని చెప్పాడు. ఆట అయ్యాక అందరినీ దాటుకుని కెప్టెన్ తన దగ్గరికి వచ్చి, "చూశావా ఆ గోలు?" అని అడిగాడని చెప్పాడు.

"నేను జవాబు చెప్పలేకపోయాను. నోరు పెగల్లేదు. మీరు నవ్వి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ అనుకుంటున్నా, కనబడితే చెప్పాలని. చూశాను కెప్టెన్. మొత్తం చూశాను. ఆ శీతాకాలమంతా నేను చూసింది అదొక్కటే."

ఆ మాట చెప్పాక డెస్ కారు పక్కకు ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నడిపాడు. పక్క సీట్లో ఎర్న్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆయనకు భయం పట్టుకుంది. ఇంకో మలుపు తిరిగాక చెబుదామనుకున్నాడు. ఆ రోడ్డుకు మలుపులు తక్కువ.

క్లబ్బు హాల్లో గొడవ అప్పటికే మొదలైంది. గోడ మీద నలుగురు కెప్టెన్ల ఫొటోలకు దండలు కట్టారు. వాటి కింద టీ కప్పులు పట్టుకుని ముసలి అభిమానులందరూ గుంపు కట్టారు. వాళ్ళలో అందరికన్నా పెద్దవాడు క్లెమ్. చెవుడు. ఆయన ఓటు బర్ట్ స్లేటర్‌కు. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకుని వచ్చి కెప్టెన్ అయినవాడు బర్ట్.

"అవతలివాళ్ళు ఎప్పుడూ ఆ గుడ్డి వైపు నుంచే మీదికొచ్చేవాళ్ళు. అటే వస్తారని బర్ట్‌కు తెలుసు. అందుకే వాళ్ళు ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయారు," అన్నాడు క్లెమ్.

"వాలీ ఓక్స్ మాటేంటి? ఒక్క కప్పు గెలవలేదు. అయినా ఓడిన ప్రతిసారీ బురద చొక్కాలన్నీ తన ఇంటికి పట్టుకెళ్ళి తనే ఉతికేవాడు," అన్నారెవరో.

"ఉతకడానికి కెప్టెన్ ఎందుకయ్యా, చాకలి చాలడూ?"

"ట్రెగెన్జా రెండు కప్పులు తెచ్చాడు."

"తెచ్చి హాక్స్‌లీకి పోయాడు." నీల్ ట్రెగెన్జా ఫొటో పదేళ్ళపాటు గోడ వైపు తిరిగి ఉండేది. ఆయన చనిపోయిన రోజున ఎవరో ఇటు తిప్పారు. ఎవరు తిప్పారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. "ఇప్పుడు మనమందరం అక్కడికే పోతున్నాంగా," అన్నాడు క్లెమ్.

అప్పుడే డెస్ ఎర్న్‌ను లోపలికి తీసుకొచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. నాలుగో ఫొటోలో అలెక్ డ్రమండ్ గుమ్మం పట్టనంత పొడుగున్నాడు. కప్పు పట్టుకున్న కుడిచేతికి ఉంగరపు వేలు సగమే ఉంది. ఆ వేలు గోధుమ యంత్రంలో పడి పోయింది. గాయం ఆరకముందే ఫైనల్ ఆడాడు. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ మనిషి నోలీన్ భుజం దాకా వచ్చాడు.

"బాగా తగ్గిపోయారు," అంది ఒకావిడ బాధగా.

"వయసొస్తే అందరమూ కుంగుతాం. నేను మాత్రం ఎంతుండేవాణ్ణి," అన్నాడు క్లెమ్. ఆయన ఎప్పుడూ అంతే ఉండేవాడు.

ఎర్న్ ఫొటోలు చూస్తూ, "ఆ చివరాయన అలెక్ కదూ," అన్నాడు ఆప్యాయంగా.

హాలంతా అయ్యో అంది. "తనని తానే గుర్తుపట్టలేకపోతున్నాడు, పాపం," అని ఇద్దరు ముగ్గురు కళ్ళు ఒత్తుకున్నారు.

ఇంతలో క్యాంటీన్ ఫోన్ మోగింది. నోలీన్ పొయ్యి మీద సాసేజీలు తిప్పుతుండటంతో క్లెమ్ ఎత్తాడు. అవతల వృద్ధాశ్రమం వాళ్ళు. మావాళ్ళలో ఒక ముసలాయన కనిపించడం లేదు, పొరపాటున మీ దగ్గరికి వచ్చారేమో అని అడుగుతున్నారు. క్లెమ్‌కు వినబడింది అందులో సగమే.

"ముసలాళ్ళా? ఇక్కడంతా ముసలాళ్ళేనమ్మా. ఎలాంటివాడు కావాలో గుర్తులు చెప్పండి," అన్నాడు. అవతల ఆవిడ ఇంకా ఏదో చెబుతుంటే, "మాకు సరిపోను ఉన్నారు. ఇంక వద్దు," అని పెట్టేశాడు.

దాంతో వాళ్ళు పోలీసులకు చెప్పారు. నరంబీల్‌లో పోలీసంటే కానిస్టేబుల్ రీస్ ఒక్కడే. జట్టులో వెనక వరస కాపలా ఆటగాడు కూడా అతనే. నిక్కరు వేసుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటుండగా అతని ఫోన్‌కు కబురొచ్చింది. తప్పిపోయిన వృద్ధుడు, పొట్టి, బూడిద రంగు స్వెట్టరు, ముదురెరుపు తెలుపు చారల టై. రీస్ తలెత్తి చూశాడు. మైదానం చుట్టూ ఉన్న ముసలివాళ్ళందరూ ఆ రోజు అదే టై కట్టుకున్నారు. సగానికి సగం మంది పొట్టివాళ్ళే. స్వెట్టర్లన్నీ బూడిద రంగే.

అతను నిక్కరుతోనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "తాతా, మీ పేరేంటి? మీరెక్కడుంటారో గుర్తుందా?" అని అడగడం మొదలుపెట్టాడు. వాళ్ళందరూ అతన్ని ఉయ్యాల్లో చూసినవాళ్ళే. ఒకాయన మూడు తరాల వంశం ఏకరువు పెట్టి, నీ పేరు నీకు గుర్తుందా అని తిరిగి అడిగాడు. ఇంకొకాయన, ఈసారి బంతి వదిలేస్తే నిన్నే ఆశ్రమంలో పడేయిస్తానన్నాడు.

క్యాంటీన్‌లో నోలీన్ ఎర్న్‌కు శాండ్‌విచ్ పెట్టిన పళ్ళెం అందించింది. ఆయన కుడిచేత్తో అందుకున్నాడు. నోలీన్ ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. తర్వాత ఆయన్ను టీ డ్రమ్ము వెనక్కి తీసుకెళ్ళింది.

"వేలు మళ్ళీ మొలవదు," అంది మెల్లగా.

"మొలవదమ్మా," అన్నాడు ఎర్న్. "నా పేరు ఎర్న్ టిప్పెట్. అలెక్‌దీ నాదీ ఒకే గది."

"అలెక్ ఎక్కడ?"

"టోపీ వెతుక్కుంటూ లోపలికెళ్ళాడు. ఈపాటికి వరండాలో కూర్చుని ఉంటాడు. కారు కోసం."

నోలీన్‌కు చప్పున కోపం వచ్చింది. "మరి నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదేం?"

ఎర్న్ పళ్ళెం కింద పెట్టాడు. "చెప్పాల్సింది. తప్పే. ఆరేళ్ళుగా ఉంటున్నాను అక్కడ. నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఆయనొచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేకపోయింది." మైదానం వైపు తిరిగి, "ఇప్పుడే అందరి ముందూ చెప్పేస్తాను," అన్నాడు.

నోలీన్ సమాధానం చెప్పేలోపే మైకులో అలెక్ డ్రమండ్ పేరు పిలిచారు. డెస్ వచ్చి ఎర్న్ చెయ్యి పట్టుకుని గడ్డి మీదికి నడిపించాడు. రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. ఊరంతా టోపీలు తీసింది. ఎర్న్ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేను అలెక్ డ్రమండ్‌ను కాను," అన్నాడు.

జనం ఒక్క క్షణం ఆగి చప్పట్లు కొట్టారు. "నిజమే. ఆనాటి మనిషి కాదుగా," అన్నాడు క్లెమ్ పక్కవాళ్ళతో.

"నేను జన్మలో ఒక్క ఆట కూడా ఆడలేదు," అన్నాడు ఎర్న్ గట్టిగా.

"ఎంత వినయం," అనుకున్నారు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

ఎర్న్‌కు ఏం చేయాలో తోచలేదు. నోలీన్ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. అప్పుడు ఆయన తనకు తెలిసింది చెప్పాడు.

"అలెక్ రోజూ పొద్దున్నే ఆ ఫైనల్ జట్టు పేర్లు చదువుతాడు. పద్దెనిమిది మందివీ. ఈ మధ్య సగంలో ఆగిపోతున్నాడు. మిగతావి నేను అందిస్తుంటాను. ఆయన మర్చిపోయినవి నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఇక్కడ ఇచ్చేసి వెళ్తాను."

పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. బిల్ హాస్కిన్. లెస్ హాస్కిన్. టెడ్ ఫార్మర్, మోకాలు పోయినా దిగనన్నవాడు. ఒక్కొక్క పేరుకూ కంచె దగ్గర ఎక్కడో ఒక తల వంగుతోంది. ఒకరి భార్య, ఒకరి కొడుకు, ఒకరి మనవరాలు. ఆల్ఫ్ పెచ్ అన్నప్పుడు నోలీన్ చేతిలోని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆమె నాన్న. ఆ పేరు మైదానంలో వినబడి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. పద్దెనిమిదో పేరు అయిపోయేసరికి, ఆయన అలెక్ డ్రమండ్ కాదేమోనని ఎవరికైనా ఏ మూలో అనుమానం ఉండి ఉంటే అదీ పోయింది.

ఆయన మాట నమ్మినవాడు కానిస్టేబుల్ రీస్ ఒక్కడే. దగ్గరికొచ్చి చెవిలో, "మీ పేరు?" అని అడిగాడు.

"ఎర్న్ టిప్పెట్."

"హమ్మయ్య, దొరికారు," అన్నాడు రీస్. అంతలో విజిల్ పడింది. "కొంచెం ఇక్కడే ఉండండి. నేనిప్పుడు ఆడాలి."

నోలీన్ డెస్‌ను కంచె పక్కకు తీసుకెళ్ళి అంతా చెప్పింది. డెస్ వింటూ నిలబడ్డాడు. మైదానంలో హాక్స్‌లీ అప్పటికే మూడో గోలు వేసింది. అతను దాన్ని చూడలేదు.

"దారిలో అన్నీ చెప్పేశాను," అన్నాడు చివరికి.

"తెలుసు. ఆయన చెప్పాడు."

"కెప్టెన్ వరండాలో ఉన్నాడా?"

"పొద్దుటి నుంచీ ఉన్నాడట. ఇందాక ఫోన్ చేశాను. భోజనానికి పిలిచినా లేవలేదట. కారు వచ్చి వెళ్ళిపోతుందని."

నడవడం నేర్చినప్పటి నుంచీ డెస్ ఏ మ్యాచ్ నుంచీ మధ్యలో లేచి వెళ్ళలేదు. పెళ్ళినాడు కూడా ఆట అయ్యాకే చర్చికి వెళ్ళి, మామగారి చేత మాటలు పడ్డాడు. ఇప్పుడు క్లబ్బు ఆఖరి ఆట నడుస్తుండగా, విరామం దాకా కూడా ఆగకుండా, జేబులోంచి తాళాలు తీసి కారు వైపు నడిచాడు. నోలీన్ పొయ్యి ఆర్పకుండానే క్యాంటీన్ క్లెమ్‌కు అప్పగించి బయల్దేరింది. ఎర్న్ వెనక సీట్లో కూర్చున్నాడు.

కారు ఊరు దాటింది. తర్వాత ఎర్న్, "నువ్వు నాకు చెప్పిందంతా నేను వినకూడనిది, నాయనా. అది ఆయన వినాలి. మళ్ళీ చెప్పు," అన్నాడు.

"రెండోసారి రాదండీ," అన్నాడు డెస్.

ఇంకా దారిలో ఉండగానే ఆట అయిపోయిందని రీస్ ఫోన్ చేసి స్కోరు చెప్పాడు. నోలీన్ విని, పెట్టేసి, ఆ అంకె ఇద్దరికీ చెప్పింది. డెస్ కారు వేగం పెంచాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఎండ పలచబడింది. అలెక్ డ్రమండ్ వరండాలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. టోపీ ఒళ్ళో ఉంది. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు, టై లేదు. పొడుగు మనిషి ఆ చిన్న కుర్చీలో ఇమడక మోకాళ్ళు పైకి లేచి ఉన్నాయి. డెస్ మెట్ల కింద ఆగిపోయాడు. ఎర్న్ ఒక్కడే పైకి వెళ్ళి, మెడలోంచి టై తీసి అలెక్ తలమీంచి తొడిగాడు.

"ముడి కాస్త ఆలస్యమైంది. ఏమనుకోకు అలెక్."

"ఎక్కడికెళ్ళావ్?"

"మీ ఊరికి."

అలెక్ టై ముడి తడుముకున్నాడు. "ఇవాళ ఆట ఉంది కదూ. ఎవరు గెలిచారు?"

ఎర్న్ వెనక్కి తిరిగి డెస్ వైపు చూశాడు. డెస్ ఆట విషయంలో ఎప్పుడూ అబద్ధం చెప్పి ఎరగడు.

"మనమే, కెప్టెన్," అన్నాడు.

అలెక్ అతని మొహం చూశాడు, నోలీన్ మొహం చూశాడు. ఆయన కళ్ళలో ఏదో కుదురుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా లేచాడు.

"గెలిచినవాళ్ళు అలా నిలబడరు. ఎంత తేడా?"

"నూట నాలుగు పాయింట్లు," అన్నాడు డెస్ తల వంచుకుని.

"వానా?"

"లేదండీ. ఎండే."

"అయితే మన ఆటే బాలేదు," అన్నాడు అలెక్. మెట్లు దిగి వచ్చాడు. వేలు తెగిన చేతిని డెస్ భుజం మీద వేశాడు, రెండో చేతిని నోలీన్ భుజం మీద వేశాడు. "తల దించుకోకండి. ఎవరి తప్పూ ఎవరి మీదా వేసుకోవద్దు. ఇంటికెళ్ళి వేడినీళ్ళు పోసుకుని పడుకోండి. మంగళవారం ప్రాక్టీసుకు అందరూ రావాలి. శనివారం సంగతి నేను చూసుకుంటాను."

ఇక శనివారం లేదని చెప్పడానికి నోలీన్ నోరు తెరిచి, భుజం మీది ఆయన చేతిని పట్టుకుంది. ఎర్న్ వరండా స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు.

డెస్ మాత్రం కళ్ళు తుడుచుకుని, మంగళవారం ఎన్నింటికి రమ్మంటారని అడిగాడు.